గాయం మీద పైపై కట్టు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఇంట్లోవాళ్ల వల్ల తగిలిన దెబ్బల గురించి వచ్చిన ఉత్తరాలను ఒకచోట చేర్చాం. క్షమించాలని అందరికీ తెలుసు, ఎలాగో తెలియక నలిగిపోతున్నారు. "సమాధానము సమాధానము" అంటూ ప్రజల గాయాన్ని పైపైన మాత్రమే బాగుచేసేవాళ్లను యిర్మీయా తన 6వ అధ్యాయంలో నిలదీశాడు. ఈ జవాబులు రాస్తున్నంతసేపూ ఆ మాట మా ముందు పెట్టుకున్నాం.

ప్రశ్న: మా నాన్న తాగొచ్చి అమ్మనూ మమ్మల్నీ కొట్టేవాడు. నాకిప్పుడు 41 ఏళ్లు. 12 ఏళ్ల కింద బాప్తిస్మం తీసుకున్నాను, నాన్నను క్షమించానని సంఘంలో సాక్ష్యం కూడా చెప్పాను. అయినా క్రిస్మస్‌కి పుట్టింటి గుమ్మం ఎక్కగానే చేతులు వణుకుతాయి. ఆయనకి 70 దాటాయి, ఇంకా తాగుతూనే ఉన్నాడు, తప్పని ఒక్కసారీ ఒప్పుకోలేదు. "నువ్వు మనస్ఫూర్తిగా క్షమించలేదు, అందుకే ఆ వణుకు" అంటున్నారు మా పాస్టరమ్మ గారు. నిజమేనా?
(గుంటూరు జిల్లా నుంచి ఒక సోదరి)

జవాబు: కాదమ్మా. వణుకు పాపం కాదు. చిన్నప్పుడు ఆ గుమ్మంలో అడుగుల చప్పుడు వినగానే దాక్కోవడం మీ ఒంటికి అలవాటైంది. మనసు క్షమించినంత మాత్రాన ఒళ్లు ఆ పాఠం మరిచిపోదు.

యోసేపు సంగతి చూడండి. అన్నలు అమ్మేసేనాటికి అతనికి 17 ఏళ్లు. ఐగుప్తు రాజు ఫరో ఎదుట నిలబడేనాటికి 30. ఏడేళ్ల సమృద్ధి, రెండేళ్ల కరవు గడిచాక గాని "నేను యోసేపును" అని అన్నలతో చెప్పలేదు. అంటే 22 ఏళ్లు. మధ్యలో కొడుకు పుడితే మనష్షే అని పేరు పెట్టి, నా తండ్రి ఇంటివాళ్లను మరిచిపోయేలా దేవుడు చేశాడన్నాడు. ఆ మాట మీ సాక్ష్యం లాంటిదే, అబద్ధమేమీ కాదు. కానీ అన్నలు కళ్లబడగానే పక్కకు వెళ్లి ఏడ్చాడు, అదీ ఒక్కసారి కాదు. ఆ కన్నీళ్లను క్షమించలేదనడానికి రుజువుగా బైబిల్ ఎక్కడా లెక్కపెట్టలేదు.

ఇంకో సంగతి. యోసేపు వెంటనే తలుపులు తెరవలేదు. దుబాసీని పెట్టుకుని మాట్లాడాడు, అన్నలను మూడు రోజులు కావలిలో ఉంచాడు, వాళ్లలో షిమ్యోనును ఆపుకున్నాడు. ఒకప్పుడు అమ్మేద్దామన్న అన్న యూదానే ఇప్పుడు తమ్ముడు బెన్యామీనుకు బదులు నన్ను బానిసగా ఉంచుకోమని ముందుకొచ్చాకే తనెవరో చెప్పాడు. పగ వదిలేయడం మన ఒక్కరి చేతిలోని పని. కలిసిపోవడానికి మాత్రం ఇద్దరు కావాలి, అవతలివాళ్లలో మారుమనస్సు కావాలి. మీ సంఘంలో ఈ రెంటినీ ఒకటే అనుకుంటున్నారు. రోమా 12:18లో పౌలు "శక్యమైతే, మీ చేతనైనంత మట్టుకు" అని రెండు హద్దులు పెట్టాడు. ఆ హద్దులు మీకూ వర్తిస్తాయి.

ఇప్పుడు చేయాల్సిన పని. మత్తయి 18లోని ఉపమానంలో రాజు మొదట లెక్క చూశాడు, ఆ తర్వాతే ఒక దాసుడి పదివేల తలాంతుల అప్పు మాఫీ చేశాడు. ఆ దాసుడికి తోటి దాసుడు బాకీపడిన 100 దేనారాలు చిల్లర అనుకుంటారు చాలామంది. దేనారం ఒక రోజు కూలి, అంటే మూడు నెలలకు పైబడిన కూలి డబ్బు. పదివేల తలాంతుల పక్కన పెట్టినప్పుడే అది చిన్నది. మీ నష్టం కూడా చిన్నదేమీ కాదు. మీరు సాక్ష్యం చెప్పారు గాని, లెక్క చూసుకోలేదేమో అనిపిస్తోంది.

ఒక నోటుబుక్కు తీసుకోండి. పేజీకి మూడు గళ్లు గీయండి: ఏం జరిగింది, దానివల్ల నేనేం పోగొట్టుకున్నాను, దానివల్ల ఇప్పటికీ ఏం చేస్తున్నాను. మూడో గడి ముఖ్యం. "గొంతు పెరిగితే చాలు, తప్పు నాది కాకపోయినా సారీ చెప్పేస్తాను" లాంటివి అక్కడే బయటపడతాయి. రోజుకు 20 నిమిషాలు, ఒక్క సంఘటన మాత్రమే. వరుసగా నాలుగు రోజులకు మించి రాయొద్దు, వారం ఆగండి. పడుకునే ముందు రాస్తే నిద్ర చెడుతుంది కాబట్టి పగలే రాసి, ఆ వెంటనే మొక్కలకు నీళ్లు పోయడమో, కూరగాయలు తరగడమో, చేతులతో చేసే పనేదైనా పెట్టుకోండి. పుస్తకం ఎవరి కంటా పడుతుందని భయముంటే రాసి చింపేయండి, ఫలితం పోదు. క్రిస్మస్ ముందు వారంలో మాత్రం మొదలుపెట్టొద్దు.

రాసినదాన్ని 13వ కీర్తన వరసలో ప్రార్థన చేయండి. ఆరు వచనాల చిన్న కీర్తన. మొదటి రెండూ ఫిర్యాదు, తర్వాతి రెండూ మనవి, చివరి రెండూ నమ్మకం. మనవాళ్లు చేసే పొరపాటు ఏమిటంటే, మొదటి నాలుగూ దాటేసి ఐదో వచనం దగ్గర స్తోత్రాలు మొదలుపెడతారు. దావీదు "ఎన్నాళ్లు" అని పదేపదే అడిగాకే అక్కడికి చేరాడు. కొన్ని రోజులు రెండో వచనం దగ్గరే ఆగిపోయినా ఫర్వాలేదు. 88వ కీర్తన చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది, అదీ లేఖనమే. చివర్లో ఒక్క వాక్యం గట్టిగా పలకండి: "నాన్న నాకు బాకీపడ్డ ఈ పని తాలూకు తీర్పు నీ చేతికి ఇస్తున్నాను ప్రభువా, నేను పగ తీర్చుకోను." జ్ఞాపకం మళ్లీ వస్తే మళ్లీ చెప్పండి. డెబ్బది ఏళ్ల మారులు (డెబ్బై ఏడుల సార్లు) క్షమించమని యేసు అన్నది కొత్త తప్పులకే కాదు, పాత తప్పు నూరోసారి గుర్తొచ్చినప్పుడూ పనికొచ్చే మాటని మా నమ్మకం.

పుట్టింటికి వెళ్లేటప్పుడు రాత్రి ఉండొద్దు. ఉదయం వెళ్లి సాయంత్రానికి వచ్చేయండి, లేదంటే పిన్నిగారింట్లోనో అత్తగారింట్లోనో పడుకోండి. నాన్న సీసా తెరిస్తే బయల్దేరాలని మీవారితో ముందే మాట్లాడుకోండి. ఆయనతో ఎప్పుడైనా చెప్పాలనుకుంటే, లూకా 17:3 గద్దించమనే అంటోంది కాబట్టి చెప్పొచ్చు. తాగని పొద్దుటిపూట, కూర్చుని, ఐదు నిమిషాల్లో, ఒకే ఒక్క సంఘటన చెప్పండి. "నువ్వెప్పుడూ" అన్న మాట రానీయకండి. ఆయన కాదనొచ్చు, "ఆ రోజుల్లో అందరూ అంతే" అనొచ్చు, ఏడవనూ వచ్చు. వాదించకుండా "నేను చెప్పాల్సింది చెప్పాను నాన్నా" అని లేవండి. ఒప్పుకుంటాడన్న ఆశతో వెళ్తే మాత్రం దెబ్బ మీద దెబ్బ తగులుతుంది. అలాంటప్పుడు వెళ్లకపోవడమే మంచిది.

తండ్రిని సన్మానించడమంటే మందులు కొనివ్వడం, అన్నం పెట్టడం, పదిమందిలో పరువు తీయకపోవడం. మార్కు 7లో యేసు ఆ ఆజ్ఞను తలిదండ్రుల పోషణతోనే ముడిపెట్టాడు. కొట్టలేదని అబద్ధం చెప్పడం సన్మానం కాదు.

ఒక హెచ్చరిక కూడా. ఏళ్లుగా రోజూ తాగే మనిషిని ఉపవాస ప్రార్థనకని తీసుకెళ్లి, గదిలో పెట్టి ఒక్కసారిగా మాన్పించొద్దు. రెండు మూడు రోజుల్లో ఫిట్స్, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో మాన్పించండి, పక్కన ప్రార్థన చేయండి. మీకు కూడా పీడకలలు తగ్గకపోయినా, చనిపోవాలన్న ఆలోచన వచ్చినా టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: మా తాత కోపిష్టి, నాన్న కోపిష్టి, నేనూ అంతే. మొన్న హోంవర్క్ దగ్గర మా తొమ్మిదేళ్ల బాబును బెల్టుతో కొట్టాను. ఇది తరతరాల శాపమనీ, ఏడు వారాల ప్రత్యేక ప్రార్థనకు ఇంత కానుక ఇస్తే తెగిపోతుందనీ ఒక దైవజనుడు చెప్పారు. కట్టమంటారా?
(హైదరాబాద్ నుంచి ఒక సోదరుడు)

జవాబు: కట్టొద్దు తమ్ముడూ. కుష్ఠు బాగైన నయమాను కానుకలు ఇవ్వబోతే ప్రవక్త ఎలీషా ముట్టుకోలేదు, వెనకాల పరిగెత్తి తీసుకున్న అతని సేవకుడు గేహజీకి ఆ కుష్ఠే అంటుకుంది.

తండ్రులు పుల్లని ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయన్న సామెతను ఇక పలకొద్దని యెహెజ్కేలు 18 చెబుతోంది. యూదా రాజుల వరస చూడండి: చెడ్డ ఆహాజుకు మంచి హిజ్కియా, హిజ్కియాకు చెడ్డ మనష్షే, మనష్షేకు చెడ్డ ఆమోను, ఆమోనుకు మళ్లీ మంచి యోషీయా. శాపమే నడిపిస్తే ఈ వరస ఇలా ఉండదు. క్రీస్తు మన శాపాన్ని మోశాడని గలతీ 3:13 చెప్పాక దాన్ని తెంచడానికి వాయిదాలు కట్టాల్సిన పని లేదు. మీ ఇంట్లో తరాలు దాటి వచ్చింది అలవాటు. అలవాటును మానుకోవాలి, అందుకు ఆత్మ సహాయం కావాలి, మన పని కూడా కావాలి.

ఈ రోజే బాబును క్షమాపణ అడగండి. నేల మీద కూర్చోండి, వాడి కళ్లకు మీ కళ్లు సమానంగా ఉండాలి. నాలుగు మాటలు: "నేను నిన్ను బెల్టుతో కొట్టాను. అది తప్పు. హోంవర్క్ చేయకపోయినా నిన్ను అలా కొట్టకూడదు, తప్పు నాదే. ఇకమీదట కోపమొస్తే నేను బాల్కనీలోకి వెళ్తాను." అంతే. "నువ్వు కూడా సరిగ్గా చదివితే..." అని ఐదో మాట కలిపారా, మొత్తం పాడైపోతుంది. ఆ రోజు చాక్లెట్లు, బొమ్మలు కొనివ్వొద్దు, దెబ్బకు వెల కట్టినట్టు ఉంటుంది. వాడు ఏమీ అనకపోయినా బలవంతం చేయొద్దు. బెల్టు వాడి కళ్లకు కనిపించని చోట పెట్టండి.

తర్వాత 14 రోజులు ప్రతి కోపాన్నీ ఒక చిన్న చీటీ మీద రాయండి: ఎన్ని గంటలకు, ఎక్కడ, తిన్నారా లేదా, ఎన్ని గంటలు నిద్రపోయారు, ఆఫీసులోనో అప్పుల దగ్గరో ఏమైనా జరిగిందా. రెండు వారాలకు ఒక వేళ, ఒక చోటు తేలుతుంది. ట్రాఫిక్‌లో నలిగి ఏడున్నరకు ఇంటికొచ్చి, ఆకలితో హోంవర్క్ పుస్తకం తెరవడం లాంటివి. అక్కడ మార్చండి. బండి దిగాక పది నిమిషాలు కిందే కూర్చుని ఒక కీర్తన చదువుకోండి, ముందు తినండి, ఒక నెల హోంవర్క్ బాధ్యత మీ ఆవిడకో ట్యూషన్‌కో అప్పగించండి. ఇందులో చిన్నతనమేమీ లేదు. చేయి ఎత్తబోతే ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకుని గది దాటండి.

సంఘంలో మీకన్నా పెద్దాయన ఒకరు, మొహమాటం లేకుండా అడిగేవారు, ప్రతి శనివారం మూడు ప్రశ్నలు అడగాలి: కొట్టావా, అరిచావా, క్షమాపణ అడిగావా. ఈ పని మూడో వారంలో తప్పిపోతుంది, ఎందుకంటే అప్పటికి మారిపోయామనిపిస్తుంది. మూడు నెలలు ఆపకండి. మధ్యలో జారితే మళ్లీ నేల మీద కూర్చోండి.

ప్రశ్న: మా నాన్న వీలునామా రాయకుండా పోయారు. అమ్మ, ఇద్దరు అన్నయ్యలు, నేను. మూడెకరాల పొలం. "నీకు కట్నం ఇచ్చాం కదా" అంటూ అన్నయ్యలు సంతకం పెట్టమంటున్నారు. విశ్వాసులు కోర్టుకెక్కకూడదని 1 కొరింథీ 6 చూపిస్తున్నారు. సంతకం పెడితే మనసులో చేదు మిగిలేలా ఉంది.
(ఏలూరు నుంచి ఒక సోదరి)

జవాబు: ముందు మీ వాటా ఎంతో తెలుసుకోండి. చట్టరీత్యా క్రైస్తవ కుటుంబమైతే మీకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు కొడుకులకూ కూతుళ్లకూ సమానం. మూడెకరాల్లో అమ్మకు ఎకరం, మీ ముగ్గురికీ తలా 66 సెంట్లకు కాస్త పైన. తండ్రి బతికుండగా ఇచ్చినది వాటాలోంచి తీసేయడానికి ఆ చట్టం ఒప్పుకోదు, కాబట్టి కట్నం మాట అక్కడ చెల్లదు. మీ కాగితాల్లో కుటుంబం హిందువులుగా నమోదై ఉంటే ఏ చట్టం వర్తిస్తుందో లాయరును అడిగాకే అడుగు వేయండి.

మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పొలం రికార్డులైన అడంగల్, 1బి, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు నుంచి ఈసీ (పొలం మీద జరిగిన లావాదేవీల పత్రం) తీసి పెట్టుకోండి. ఖాళీ కాగితం మీద, స్టాంపు పేపరు మీద సంతకం చేయొద్దు. "ఊరికే ఫార్మాలిటీ" అంటే అసలే చేయొద్దు.

1 కొరింథీ 6 విషయానికొస్తే, ఏడో వచనం దగ్గర ఆపేస్తున్నారు. ఎనిమిదో వచనంలో పౌలు సహోదరులకే అన్యాయం చేస్తున్నవాళ్లను తిడుతున్నాడు, ఆ వచనం మీ అన్నయ్యలది. పైగా మీలో తీర్పు చెప్పగల బుద్ధిమంతుడు ఒక్కడూ లేడా అని సంఘాన్ని అడుగుతున్నాడు. కాబట్టి మత్తయి 18 వరస పట్టండి. ముందు పెద్దన్నయ్యతో ఒంటరిగా, వదినలు లేనప్పుడు. కుదరకపోతే ఇద్దరు సాక్షులతో, వాళ్లలో ఒకరు అన్నయ్యలు గౌరవించేవారై ఉండాలి. ఆ తర్వాత సంఘ పెద్దలు. వాళ్లూ తప్పుకుంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ. ఆదాయంతో పని లేకుండా స్త్రీలకు అక్కడ ఉచిత న్యాయ సహాయం ఉంది, నంబరు 15100. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో మాట్లాడుకోవచ్చు. అక్కడి ఒప్పందం కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు కాబట్టి ప్రతి వాక్యం చదివి సంతకం పెట్టండి. సెలోపెహాదు కూతుళ్లు మోషే ఎదుట, సమాజమంతటి ఎదుట నిలబడి వాటా అడిగారు. వాళ్లు చెప్పింది న్యాయమేనని దేవుడన్నాడు.

ఇంతా తెలిశాక, ఎవరి బలవంతమూ లేకుండా మీరే వదులుకుంటామంటే అది దొడ్డ మనసు. అప్పుడు హక్కు విడుదల పత్రం రిజిస్టరు చేయించి, ఆ తర్వాత ఏ పండక్కీ ఆ మాట ఎత్తకూడదు. వాటా తెలియకుండా, భయంతో పెట్టే సంతకం క్షమాపణ కాదు. మీరు భయపడుతున్న ఆ చేదు సరిగ్గా అక్కడే వేరూనుతుంది.

ప్రశ్న: మా 11 ఏళ్ల పాపతో దగ్గరి బంధువు ఒకరు తప్పుగా ప్రవర్తించారని ఇప్పుడే తెలిసింది. ఆయన ఏడ్చి కాళ్లు పట్టుకున్నారు. బయటపెడితే ప్రభువు నామానికి అవమానం, క్షమించేయమంటున్నారు పెద్దలు.
(నల్గొండ జిల్లా నుంచి ఒక తల్లి)

జవాబు: అమ్మా, ఈ రోజే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి, లేదా దగ్గరి పోలీసు స్టేషనుకు వెళ్లండి. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, తెలిసిన ప్రతివాళ్లూ చెప్పి తీరాలి. దాచితే ఆ పెద్దల మీద కూడా కేసవుతుంది. పాప వాంగ్మూలం ఇంట్లోనే, వీలైనంతవరకు మహిళా అధికారి, యూనిఫారం లేకుండా తీసుకోవాలి. పాపను రాత్రి స్టేషన్లో ఉంచకూడదు. వైద్యం ఏ ఆసుపత్రిలోనైనా ఉచితం. బాధిత స్త్రీలకు, ఆడపిల్లలకు సాయపడే జిల్లా సఖి కేంద్రంలో తోడుగా వచ్చేవాళ్లుంటారు.

పాపతో మూడు మాటలు రోజూ చెప్పండి: నువ్వు చెప్పింది నమ్ముతున్నాను, నీ తప్పు లేదు, ఆయన మళ్లీ నీ దగ్గరికి రాడు. మళ్లీ మళ్లీ వివరాలు అడగొద్దు. ప్రార్థన కూటంలో మనవిగా పాప పేరు ఎత్తనివ్వొద్దు, చట్టం కూడా ఒప్పుకోదు. ఆయన్ను క్షమించమని పాపకు ఎవరూ చెప్పకూడదు, ఇప్పుడు అది ఆ పిల్ల మొయ్యాల్సిన బరువు కాదు.

దావీదు రాజు కూతురు తామారుకు సవతి అన్న అమ్నోను వల్ల అన్యాయం జరిగినప్పుడు సొంత అన్న అబ్షాలోము "ఊరకుండుము, అతడు నీ అన్నే గదా" అన్నాడు. దావీదుకు బాగా కోపమొచ్చింది గాని, ఏమీ చేయలేదు. రెండేళ్లకు ఆ ఇంట్లో హత్య జరిగింది. ప్రభువు నామానికి అవమానం ఆ మౌనం వల్ల వచ్చింది, తామారు ఏడుపు వల్ల కాదు. ఆయన నిజంగా మారుమనస్సు పొందితే పోలీసుల ముందు నిజం ఒప్పుకుంటాడు. పన్నులు వసూలు చేసే జక్కయ్య కూడా ఊరికే క్షమించమనలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానని ప్రభువు ఎదుట నిలబడి చెప్పాడు.

ప్రశ్న: పెళ్లి విషయంలో గొడవై అమ్మతో ఆరేళ్లు మాట్లాడలేదు. కరోనాలో ఆమె చనిపోయింది, రాలేకపోయాను. అమ్మ నన్ను క్షమించిందని ఒక ప్రవక్త చెప్పారు, మనసు ఒప్పడం లేదు.
(దుబాయ్ నుంచి ఒక సోదరుడు)

జవాబు: ఒప్పకపోవడమే మంచిదైంది. చనిపోయినవాళ్ల కబుర్లు తెచ్చేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దని ద్వితీయోపదేశకాండము 18 చెబుతోంది. అమ్మ నోటి నుంచి వినాల్సిన మాట ఇక వినలేరు. ఆ నష్టం నిజం, దాన్ని దుఃఖించాల్సిందే. దావీదు కొడుకు అబ్షాలోమును యెరూషలేముకు రప్పించి కూడా రెండేళ్లు ముఖం చూడలేదు. ఆఖరికి ఆ కొడుకు చనిపోయాడని తెలిసి గుమ్మం పైగదిలో "నా కుమారుడా" అని ఏడ్చాడు. ఆ ఏడుపును లేఖనం ఉన్నదున్నట్టు రాసిపెట్టింది.

దేవుని దగ్గర ఒప్పుకోలు మాత్రం ఇప్పటికీ వీలవుతుంది. "అమ్మతో మాట్లాడకపోవడం" అని కాకుండా, ఏ ఫోన్ ఎత్తలేదో, ఏ మాట అన్నారో పేరుపేరునా చెప్పండి. సెలవుకు ఊరొచ్చినప్పుడు, వీలైతే నవంబరు 2 సమాధుల పండుగకు, ఒక పేజీ ఉత్తరం రాసుకుని సమాధి దగ్గర గట్టిగా చదవండి. ఒంటరిగా వెళ్లొద్దు, అక్కనో తమ్ముణ్నో తోడు తీసుకెళ్లండి. చదివాక కూర్చుని అమ్మ గురించి వాళ్లు చెప్పేది వినండి, మీకు తెలియని ఆరేళ్లు వాళ్ల దగ్గరున్నాయి.

సంఖ్యాకాండము 5లో ఒక ఏర్పాటుంది. తప్పు చేసినవాడు ఒప్పుకుని, అసలుకు ఐదో వంతు కలిపి ఇవ్వాలి, పుచ్చుకునే మనిషి లేకపోతే అతని దగ్గరి బంధువుకు. ఆ ఆరేళ్లూ అమ్మ మందులు, ఆసుపత్రి ఖర్చు ఎవరు పెట్టుకున్నారో కనుక్కోండి. అక్క పెట్టుకుందనుకోండి, మీ వంతు ఎంతో కూర్చుని లెక్క వేయండి. ఐదో వంతు కలిపి అక్క ఖాతాకు పంపండి. ఒకేసారి కుదరకపోతే నెలనెలా పంపండి, తేదీ తప్పొద్దు. అక్క వద్దంటుంది. కానుక కాదక్కా, బాకీ అని చెప్పండి.